ఆరు నెలలు వాడిన షుగర్ మీటర్: కొలతల పుస్తకం వెనక పేజీల నుంచి

నేను హనుమకొండలో ఆడవాళ్ల బట్టలు కుడతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పోయిన ఆగస్టులో ఒంట్లో నీరసంగా ఉంటోందని రక్తపరీక్ష చేయిస్తే పరగడుపున 114 వచ్చింది, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2. "షుగర్ ఇంకా రాలేదమ్మా, గుమ్మం దాకా వచ్చి నిలబడింది" అంది డాక్టరమ్మ. మందులు రాయలేదు. తిండి, నడక చూసుకుని మూడు నెలలకు రమ్మంది. ఇంటికి వచ్చే దారిలోనే మెడికల్ షాపులో ఆగి షుగర్ మీటర్ కొన్నాను. ఈ రివ్యూ దాని గురించే.

కంపెనీ పేరు రాయడం లేదు. నేను వాడింది ఈ ఒక్కటే, ఇంకోదానితో పోల్చి చూడలేదు. ఇక్కడ చెప్పేవన్నీ ఏ మీటర్‌కైనా పనికొస్తాయి. మీటర్, వేలికి గుచ్చే పెన్ను, పది సూదులు, 25 స్ట్రిప్పులు కలిపి 850 రూపాయలు పడింది. తర్వాత 50 స్ట్రిప్పుల డబ్బాలు రెండు కొన్నాను, ఒక్కోటి 900. అంటే ఆరు నెలల్లో మీటర్ ధర కంటే స్ట్రిప్పుల ఖర్చే రెండింతలు దాటింది. కొనేటప్పుడు అందరూ మీటర్ ధర అడుగుతారు. మీరు మాత్రం స్ట్రిప్ ఒక్కోటి ఎంత, మీ వీధిలో ఎప్పుడూ దొరుకుతుందా అని ముందు అడగండి.

డాక్టరమ్మ నన్ను మీటర్ కొనమనలేదు. నా దశలో ఉన్నవాళ్లు రోజూ చూసుకోవాల్సిన పని లేదనే చెప్పింది. నేను కొన్నది అమ్మ వల్ల.

అమ్మది జగిత్యాల దగ్గర పల్లె. బీడీలు చుట్టేది. పొద్దున కూర్చుంటే రోజుకు వెయ్యి బీడీలు అయ్యేదాకా చాట ఒళ్లోంచి దిగేది కాదు. తీపి ముట్టేది కాదు కాబట్టి తనకు షుగర్ రాదని గట్టిగా నమ్మేది. నలభై ఎనిమిదో ఏట బయటపడింది. అప్పటికి ఎన్నేళ్లుగా ఉందో ఎవరికీ తెలియదు. అరికాలికి తుమ్మముల్లు గుచ్చుకుంటే నొప్పి తెలియలేదు, ఎందుకంటే అప్పటికే పాదాల్లో స్పర్శ పోయింది. పుండై, ముదిరి, రెండు వేళ్లు తీసేశారు. తర్వాత కిడ్నీలు. ఇప్పుడు నాకు నలభై ఏడు. నేనూ రోజుకు పది గంటలు కూర్చునే పనే చేస్తున్నాను. డాక్టరమ్మ గది నుంచి బయటికి వస్తుంటే నా కళ్ల ముందు అమ్మ పాదమే ఉంది.

ఇక మీటర్ సంగతి. వాడటం తేలిక. స్ట్రిప్ పెట్టాలి, వేలు గుచ్చాలి, చుక్క అంటించాలి, ఐదు సెకన్లలో అంకె వస్తుంది. అంకెలు పెద్దవే, కళ్లద్దాలు లేకుండా కనబడతాయి. నొప్పి గురించి చాలామంది భయపడతారు. సూది నాకు కొత్త కాదు గాని, వేలి కొన మధ్యలో గుచ్చుకుంటే రెండు రోజులు హెమ్మింగ్ చేయలేకపోయాను. అప్పటి నుంచి ఎడమ చేతి ఉంగరం వేలు, చిటికెన వేలు మాత్రమే వాడుతున్నాను, అదీ కొనకు పక్కన. బట్ట పట్టుకోవడానికి ఆ రెండు వేళ్లతో పెద్దగా పని ఉండదు. చేతిపని చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

రెండో నెలలో ఒక రోజు గుండె ఆగినంత పనైంది. సాయంత్రం మీటర్ 268 చూపించింది. ఏడుపొచ్చింది. కాసేపటికి గుర్తొచ్చింది, అంతకు ముందే పిల్లలకు సీతాఫలాలు వలిచి పెట్టాను, చేతులు ఊరికే కొంగుకు తుడుచుకున్నాను. సబ్బుతో కడుక్కుని, బాగా ఆరనిచ్చి మళ్లీ చూస్తే 131. వేలి మీది పండు గుజ్జును కూడా మీటర్ రక్తంలో చక్కెరలాగే లెక్కపెట్టింది. ఇంకోసారి వానాకాలంలో డబ్బా మూత సరిగ్గా పెట్టక నాలుగు స్ట్రిప్పులు చెడిపోయాయి, ఎర్రర్ చూపించాయి. వాటికి తేమ తగలకూడదు. మూత తీసిన రోజు నుంచి 90 రోజులే వాడాలని మా డబ్బా మీద ఉంది. అందుకే తెరిచిన తేదీ పెన్నుతో దాని మీదే రాస్తున్నాను.

ఇది ల్యాబ్ పరీక్ష కాదు, అది తెలుసుకుని వాడాలి. ఇంటి మీటర్ల అంతర్జాతీయ ప్రమాణమే 15 శాతం వరకు తేడాను ఒప్పుకుంటుంది. అసలు 140 ఉన్నప్పుడు 119 నుంచి 161 దాకా ఏది చూపినా మీటర్ చెడ్డదని అనలేం. నవంబర్‌లో ల్యాబ్ వాళ్లు రక్తం తీసిన నిమిషంలోనే నేనూ వేలు గుచ్చుకున్నాను. ల్యాబ్‌లో 104, నా దాంట్లో 110. నాకు ఇది చాలు. కానీ ఒక్క అంకె చూసి ఏదీ నమ్మలేదు. ఏ తిండినైనా మూడు వేర్వేరు రోజుల్లో, మొదటి ముద్ద నుంచి సరిగ్గా రెండు గంటలకు చూశాను. కస్టమర్ల కొలతలు రాసే పుస్తకం వెనక పేజీల్లో మొత్తం 117 లెక్కలు ఉన్నాయి.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది రాగి జావ. షుగర్‌కు మంచిదని అందరూ చెబితే ఇడ్లీ మానేసి పొద్దున్నే పెద్ద గ్లాసు జావ తాగాను. 176, 169, 181. నాలుగు ఇడ్లీలు తిన్న రోజులతో పోలిస్తే ఏమీ తక్కువ కాదు. డాక్టరమ్మను అడిగితే, మెత్తటి పిండిని నీళ్లలో ఉడికించి పలచగా తాగితే తొందరగా అరిగి తొందరగా రక్తంలోకి చేరుతుందని చెప్పింది. రాగి తప్పు కాదు, నేను తీసుకున్న రూపం తప్పు. రెండు పెసరట్లు తిన్న రోజుల్లో 130 దరిదాపుల్లోనే ఉంది. పెసల్లో పప్పు బలం ఉంటుంది కదా. జొన్న రొట్టె కూడా అంతే, రెండు రొట్టెలు బీరకాయ కూరతో తింటే 139, రుచిగా ఉందని నాలుగు లాగిస్తే 171. జొన్న అన్న పేరు ఒక్కటే సరిపోదు, ఎన్ని తిన్నామన్నదే లెక్క. అన్నం మానలేదు, మానలేను కూడా. ముందు కూర, పప్పు సగం తినేసి, తర్వాత అన్నం కలుపుకుంటున్నాను. పళ్లెంలో అన్నం మునుపటిలో సగం.

ఇప్పుడు అసలు విషయం. మొదట్లో నాది కాలితో తొక్కే మిషన్. 2014లో మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని, పెళ్లిళ్ల సీజన్‌లో జాకెట్లు త్వరగా అవుతాయని మోటార్ పెట్టించాను. అప్పటి నుంచి కాలు ఊరికే పెడల్ మీద ఆనించి ఉంచడమే. మధ్యాహ్నం అదే కొలత అన్నం, పప్పు తిని మోటార్ మీద కూర్చున్న మూడు రోజులు: 184, 176, 191. అప్పుడు ఆలోచన వచ్చి మోటార్ బెల్టు విప్పి పాత పట్టా ఎక్కించాను. అదే భోజనం చేసి నలభై నిమిషాలు కాలితో తొక్కుతూ కుట్టాను. 152, 147, 158. తర్వాత భోజనం కాగానే డాబా మీద ఇరవై నిమిషాలు నడిచి చూశాను. 139, 150, 144.

ఆ పేజీని ఎన్నిసార్లు చూసుకున్నానో. తిండిలో ఏమీ మారలేదు. తిన్న తర్వాతి అరగంట మాత్రం మారింది. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటుందట. పిక్కలు, తొడలు పెద్ద కండరాలు. పదేళ్లపాటు వాటిని నేను ఖాళీగా కూర్చోబెట్టాను. అమ్మకు తిన్నాక పది నిమిషాలు వాకిట్లో నడవమని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. చాట ముందే తినేది, చాట ముందే మళ్లీ పని మొదలుపెట్టేది.

ఇవి నా ఒంటి లెక్కలు, అందరికీ ఇలాగే వస్తాయని అనను. కానీ ఇది నా ఒక్కదాని ముచ్చట కూడా కాదు. నవంబర్‌లో డాక్టరమ్మ చెబితే రాసుకున్నాను: చెన్నైలో ప్రీడయాబెటిస్ (షుగర్‌కు ముందు దశ, అంటే నాలాగే గుమ్మం దగ్గర) ఉన్న 531 మందితో మూడేళ్లు ఒక అధ్యయనం చేసి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఏ మార్పూ సూచించని వాళ్లలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకోమని నేర్పిన వాళ్లలో 39 మందికి. మాత్ర ఇచ్చినవాళ్లలోనూ దాదాపు అంతే. మార్చుకున్నా 39 మందికి వచ్చింది కదా అని నేను అడిగాను. "55 నుంచి 39కి తగ్గింది కదా, అలా తప్పించుకున్న పదహారు మందిలో నువ్వు ఉండవచ్చు కదమ్మా" అంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి షుగర్ ఉంది, ఇంకా 13 కోట్ల 60 లక్షల మంది నాలాగే గుమ్మం దగ్గర ఉన్నారు.

సంక్రాంతికి సకినాలు చేశాం. ఆ మూడు రోజులు మీటర్ బయటికి తీయలేదు, నడవలేదు కూడా. తర్వాతి వారం పరగడుపున 112కు ఎక్కింది. మళ్లీ 103కు రావడానికి పది రోజులు పట్టింది. ఫిబ్రవరి పరీక్షలో ల్యాబ్ అంకె 99, హెచ్‌బీఏ1సీ 5.7. నవంబర్‌లో అది 5.9. బరువు 71 నుంచి 67 కిలోలకు వచ్చింది. 5.7 అంటే ఇంకా గుమ్మం మీదే ఉన్నట్టు, 5.7 కంటే తగ్గితేనే మామూలు.

ఎవరు కొనకూడదో కూడా చెప్పాలి. పక్కింటి వదిన నన్ను చూసి ఒకటి తెచ్చుకుంది. రోజుకు ఆరుసార్లు గుచ్చుకుని, 145 వస్తే రాత్రి తిండి మానేసి, టెన్షన్‌తో నిద్ర పోగొట్టుకుంది. చివరికి వాళ్లాయన దాన్ని బీరువాలో పెట్టేశాడు. అలాంటి మనసున్నవాళ్లకు మూడు నెలలకోసారి ల్యాబ్ చాలు. షుగర్ మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవాళ్లు మీటర్ అంకె చూసి సొంతంగా మందు తగ్గించుకోవద్దు. ఇంకొకటి, షాపుకు వచ్చేవాళ్లు "అక్కా, నాది గూడ జర చూడరాదూ" అని వేలు చాపుతారు. ఎంత దగ్గరివాళ్లకైనా నేను గుచ్చను. సూది మార్చినా ఆ పెన్ను ఒక్కరికే ఉండాలి, ఒకరి రక్తం ఇంకొకరికి అంటితే కామెర్ల రోగాలు కూడా వస్తాయి. ఒకరిద్దరు నొచ్చుకున్నారు, అయినా ఇవ్వలేదు.

ఇప్పుడు వారానికి రెండుసార్లే చూసుకుంటున్నాను. భోజనం తర్వాత గంటసేపు మోటార్ ప్లగ్ తీసేసి ఉంటుంది, ఆ వేళ పాత పట్టా మీదే కుడతాను. మోకాళ్లు మొదటి పది రోజులు నొప్పి పెట్టాయి, తర్వాత అలవాటైంది. ఆదివారం మాత్రం భద్రకాళి చెరువు కట్ట మీద మా ఆయనతో కలిసి నడక.

పోయిన వారం మా చెల్లెలికి కూడా ఒక మీటర్ కొని పంపాను. దానిది అచ్చం అమ్మ ఒళ్లు. నిన్న పొద్దున్నే ఫోన్ చేసింది, పరగడుపున 121 వచ్చిందట, భయపడుతోంది. చేతులు కడుక్కున్నావా అని అడిగాను. కడుక్కున్నానంది. రేపు షాపు మూసేసి దాన్ని ల్యాబ్‌కు తీసుకెళ్తున్నాను.