పార్లమెంట్ ప్రశ్నలు చదవాలంటే సంసద్ సైట్ చూడండి, నా రివ్యూ

మా ఊళ్ళో ఉపాధి హామీ డబ్బులు లేటయినప్పుడల్లా అసలు ఢిల్లీలో దీని గురించి ఎవరైనా అడిగారా అని డౌట్ వచ్చేది, అలా వెతుకుతూ ఈ పార్లమెంట్ అధికారిక సైట్‌లో (sansad.in) ప్రశ్నల సెక్షన్‌కి వెళ్ళాను. ఫ్రీనే. ఎంపీ పేరుతో గానీ మంత్రిత్వ శాఖతో గానీ వెతకొచ్చు, ప్రశ్న, మంత్రి జవాబు రెండూ ఒకే పీడీఎఫ్‌లో ఉంటాయి. పోలవరం అని కొడితే మన ఎంపీలు ఏళ్ళ తరబడి అడిగినవి బోలెడు వస్తాయి.

ఒక విషయం తెలుసుకుని చదవండి. లోక్‌సభలో రోజుకి 20 స్టార్డ్ ప్రశ్నలు, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు లిస్టవుతాయి. స్టార్డ్ అయితే మంత్రి సభలో నోటితో చెప్పాలి, ఎంపీ లేచి అనుబంధ ప్రశ్న వేసి నిలదీయొచ్చు, అన్‌స్టార్డ్‌కి రాతపూర్వక జవాబే. కానీ నాకు బాగా పనికొచ్చింది అన్‌స్టార్డే, ఎందుకంటే రాష్ట్రాల వారీగా ఎంత ఇచ్చారు ఎంత ఖర్చయింది అనే టేబుల్స్ చాలావరకు వాటికి అనుబంధంగానే ఉంటాయి.

కొన్ని జవాబులు మాత్రం అది రాష్ట్ర పరిధిలోని అంశం అని తేల్చేస్తాయి, చదువుతుంటే బాధేస్తుంది. సమాచారం సేకరిస్తున్నాం అన్న జవాబులు మంత్రి సభకి ఇచ్చిన హామీ కింద లెక్క, వాటిని ఫాలో అవ్వడానికి విడిగా ఒక కమిటీ ఉంది. జవాబులు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉండటంతో మా నాన్నకి నేనే చదివి చెప్తున్నా, తెలుగులో కూడా ఇస్తే 5 స్టార్లూ ఇచ్చేదాన్ని. ప్రస్తుతానికి 4.