చెవితో చదివే షేర్ చార్ట్: ఐఫోన్ ఆడియో గ్రాఫ్ వాడి చూశాక

నాకు పుట్టుకతోనే చూపు లేదు. నెలనెలా మార్కెట్లో కొంత పెడతాను కాబట్టి చార్ట్‌లతో పని తప్పదు. చార్ట్‌ను స్వరంగా మార్చి వినిపించే ఆడియో గ్రాఫ్ 2021లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15తో వచ్చింది, దాన్ని అప్పటినుంచీ వాడుతున్నాను.

ఐఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే వాయిస్ఓవర్ ఆన్‌లో ఉంచి, స్టాక్స్ యాప్‌లో చార్ట్ మీదికి వెళ్లి, రోటర్‌ను (తెర మీద రెండు వేళ్లు గుండ్రంగా తిప్పితే వచ్చే వాయిస్ఓవర్ మెనూ) ఆడియో గ్రాఫ్ దగ్గర ఆపాలి. ఆ తర్వాత కిందికి స్వైప్ చేస్తే చార్ట్‌ను మాటల్లో వర్ణించడం, వినిపించడం, పూర్తి వివరాలు ఒక్కొక్కటిగా వస్తాయి. కావాల్సినచోట డబుల్ ట్యాప్ చేయడమే. ధర పెరిగితే స్వరం పైకి, తగ్గితే కిందికి. సెన్సెక్స్ పదేళ్ల చార్ట్ పెడితే 2020 మార్చిలో కోవిడ్ దెబ్బ దగ్గర స్వరం గబుక్కున జారి, వెంటనే మళ్లీ ఎక్కడం మొదలుపెడుతుంది. ఆ పతనం గురించి వార్తలు బోలెడు విన్నాను గానీ, దాని ఆకారం తెలిసింది మాత్రం ఇలా విన్నాకే.

ఒక తిరకాసు ఉంది. స్వరం ఎప్పుడూ ఆ చార్ట్‌లోని కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా సాగుతుంది. దాంతో రోజంతా అర శాతం కూడా కదలని షేరు సైతం ఒక్కరోజు చార్ట్‌లో మంద్రస్థాయి నుంచి తారస్థాయికి గంతులేస్తుంది. వింటే టెన్షన్ రావడం ఖాయం. అందుకే నేను ముందు వివరాల్లోకి వెళ్లి కనిష్ఠం, గరిష్ఠం, సగటు విని, ఆ తర్వాతే ప్లే చేస్తాను. అన్నట్టు, ఈ బాధ కళ్లున్నవాళ్లకూ ఉంది. సున్నా దగ్గర మొదలుకాని గ్రాఫ్ చూసి హడలిపోయేవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు.

అసలు చిక్కు మిగతా యాప్‌లతో. నేను వాడే మ్యూచువల్ ఫండ్ యాప్‌లో చార్ట్ మీద వేలు పెడితే వాయిస్ఓవర్ 'ఇమేజ్' అని ఊరుకుంటుంది. యాప్‌లలో చార్ట్‌లు గీయడానికి 2022లో ఆపిల్ ఇచ్చిన స్విఫ్ట్ చార్ట్స్ అనే టూల్‌తో గీస్తే ఆడియో గ్రాఫ్ దానంతటదే వస్తుంది, డెవలపర్‌కి పెద్ద శ్రమ కూడా ఉండదు. కంపెనీకి రాస్తే 'మీ సూచనకు ధన్యవాదాలు' అని జవాబొచ్చింది, అంతే. ప్రస్తుతానికి స్టేట్‌మెంట్‌ను ఎక్సెల్‌లో తెరిచి, ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో గడి గడి చదువుకుంటున్నాను. నిజం చెప్పాలంటే కచ్చితమైన అంకె కావాలంటే ఏ స్వరం కన్నా ఆ పట్టికే నయం.

కేవలం దీనికోసం ఐఫోన్ కొనమని చెప్పను. చేతిలో ఉంటే మాత్రం ఇయర్‌ఫోన్ పెట్టుకుని నెల రోజుల చార్ట్‌తో మొదలుపెట్టండి. పదేళ్లది కొన్ని సెకన్లలోనే దొర్లిపోతుంది, కొత్తలో చెవికి అందదు.