డెవిల్స్ హోల్ పప్‌ఫిష్‌ను గుంటలోనే కాపాడటమా, తొట్టెలో పెంచడమా: ఏది మేలు?

అమెరికాలోని నెవాడా ఎడారిలో, ఒక రాతి చీలిక అడుగున డెవిల్స్ హోల్ అనే నీటి గుంట ఉంది. ఈతగాళ్లు 130 మీటర్లు దాటి దిగినా దాని అడుగు కనిపించలేదు. అంత లోతున్నా, అంగుళం పొడవుండే పప్‌ఫిష్ అనే చేప గుడ్లు పెట్టేదీ, నాచు మేసేదీ ప్రధానంగా నీటి అంచున మునిగి ఉన్న చిన్న రాతి అరుగు మీదే. ఈ జాతికి సహజమైన నివాసం ప్రపంచంలో ఇదొక్కటే.

కాబట్టి మొదటి మార్గం ఆ అరుగు మీద నీరు నిలిచేలా చూడటం. 1960ల చివర్లో చుట్టుపక్కల పొలాలకు భూగర్భజలాన్ని తోడెయ్యడంతో గుంటలో మట్టం పడిపోయి అరుగు బయటపడసాగింది. బోర్ల కింద వ్యవసాయం చేసే మన రైతులకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, చేప బతకడానికి కావలసిన మట్టం నిలవాలంటూ తోడకానికి విధించిన పరిమితిని 1976లో ఆ కోర్టు సమర్థించింది. ఈ జాతి నేటికీ మిగిలి ఉండటానికి నా దృష్టిలో ముఖ్య కారణం ఆ తీర్పే.

అయితే ఉన్నది ఒకే గుంట కావడం పెద్ద ప్రమాదం. 2013 వసంతంలో 35కు దిగజారిన సంఖ్య 2024 వసంతానికి 191కి చేరింది. ఆ తర్వాత వచ్చిన భూకంపాల అలజడికి అరుగు మీది నాచూ గుడ్లూ కొట్టుకుపోగా, 2025లో లెక్కకు వచ్చినవి 38 మాత్రమే.

రెండో మార్గం చేపను గుంట బయట పెంచడం. ఇందుకు 1970ల నుంచి సిమెంటు చెరువులను ప్రయత్నించి చూశారు. వాటిలో చేపల శరీరం పెద్దదైంది. ఒకచోట మరో జాతి పప్‌ఫిష్ చొరబడి సంకరం జరిగింది. అలా మారిపోయిన చేపను కాపాడి ప్రయోజనం తక్కువ.

2013లో గుంటకు దగ్గర్లోని యాష్ మెడోస్‌లో మొదలైన తొట్టె వీటికంటే చాలా మెరుగు. సుమారు 3.8 లక్షల లీటర్ల నీటిలో అరుగును గుంటలో ఉన్నట్టే అమర్చారు; చేపలకు ఒత్తిడి తగ్గేలా వేడిని మాత్రం కాస్త తగ్గించి, ఆక్సిజన్‌ను పెంచారు. అక్కడా ఒక చిన్న నీటిపురుగు విపరీతంగా పెరిగి గుడ్లనూ పిల్లలనూ తినేసింది. గుంటలో ఉన్న పురుగే తొట్టెలో ఇంత చేటు చేసిందంటే, నకలు ఎంత జాగ్రత్తగా కట్టినా నిత్యం కాపలా తప్పదు.

అందువల్ల గుంటకే నా మొదటి ఓటు. భూకంపం లాంటి విపత్తులో జాతి తుడిచిపెట్టుకుపోకుండా తొట్టె కూడా ఉండి తీరాలి. కానీ తొట్టెలో చేపలున్నాయన్న ధీమాతో పంపులపై పరిమితిని సడలించడానికి మాత్రం ఒప్పుకోకూడదు.