ఫైనల్ ఫాంటసీ ఎక్కడ మొదలుపెట్టాలి: 7 మేలా, 10 మేలా?

నంబర్ల వారీగా వచ్చే ఫైనల్ ఫాంటసీ అనే వీడియో గేమ్ సిరీస్‌ను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని ఎవరినడిగినా ముందు వచ్చే జవాబు "7 ఆడు" అనే. ఆఫీసు క్యాంటీన్లో అడిగినా అదే, కాలేజీ దోస్తుల వాట్సాప్ గ్రూపులో అడిగినా అదే. ఎందుకని గట్టిగా అడిగితే "అరే, లెజెండ్ భాయ్ అది" అంటారు, అక్కడితో ఆగిపోతారు. లెజెండే, కాదనను. కానీ ఈ సిరీస్ ముఖమే చూడనివాళ్ల చేతిలో మొదట పెట్టాల్సింది 10 అని నేనంటాను.

ముందు ఒక భయం తీర్చాలి. మా చిన్నాయన కొడుకు ఈమధ్య ల్యాప్‌టాప్ కొనుక్కుని "అన్నా, పదహారు ఉన్నయంట గదా, ఒకటో నంబర్ కాన్నుంచి ఆడాల్నా?" అని అడిగాడు. అక్కర్లేదు. 1987లో జపాన్‌లో స్క్వేర్ కంపెనీ మొదటిది తెచ్చినప్పటి నుంచి నంబరు మారితే కథ మారుతుంది, లోకం మారుతుంది, మనుషులూ మారతారు. చోకోబో అనే పసుపు పక్షి, సిడ్ అనే పేరుతో ఎవరో ఒకరు, చచ్చినవాణ్ణి లేపే ఫీనిక్స్ డౌన్, ఇఫ్రిట్, బహాముట్ లాంటి శక్తులు, ఇలాంటివే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వస్తుంటాయి. కాబట్టి వరస పట్టుకుని ఆడాల్సిన పనిలేదు.

మన ఊళ్లో ప్లేస్టేషన్ 2 (పీఎస్2) రోజుల్లో పెరిగినవాళ్లలో చాలామందికి ఈ సిరీస్ పేరు తప్ప ఇంకేం తెలియకపోవడానికి కారణం ఉంది. దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట గల్లీల్లో గేమింగ్ పార్లర్‌కి పోయి గంటకింత అని ఇచ్చి ఆడేవాళ్లం. టెక్కెన్, క్రికెట్, వైస్ సిటీ ఆ లెక్కకు సరిపోతాయి. నలభై గంటల కథ సరిపోదు. పైగా మెమరీ కార్డు పార్లర్ వాళ్లది. ఇవాళ మనం సేవ్ చేసుకున్నది రేపటికి ఉంటుందన్న నమ్మకం లేదు. దాంతో ఇప్పుడు ఉద్యోగాల్లో పడ్డాక, ముప్పై దగ్గరపడ్డాక, సొంత మెషీన్ ఉన్నాక మొదలుపెడుతున్నారు. వాళ్ల దగ్గర ఉండేది రాత్రి భోజనం తర్వాత గంటా గంటన్నర, ఒక మోస్తరు ల్యాప్‌టాప్. నేను తూకం వేసేది ఆ మనిషిని ఎదురుగా పెట్టుకునే.

సరే, 7 అంటున్నారు. ఏ 7? 1997లో పీఎస్1 మీద మూడు సీడీలతో వచ్చింది ఒకటి. దాన్నే ముక్కలు చేసి కొత్తగా తీస్తున్నది ఇంకొకటి: 2020లో రీమేక్, 2024లో రీబర్త్, మూడో భాగం ఇంకా రావాలి. కొత్తవాడు స్టోర్‌లో బొమ్మ చూసి కొనేది ఎటూ రీమేకే. పాత ఆటలో మిడ్‌గార్ అనే నగరంలో జరిగే భాగం ఆరేడు గంటల్లో అయిపోతుంది. రీమేక్ ఆ ఒక్క నగరాన్నే ముప్పై గంటలు దాటించింది. అంతవరకూ అయితే ఫర్వాలేదు, ఆ నగరాన్ని అంత దగ్గరగా చూడటం బాగానే ఉంటుంది. చిక్కు ఏంటంటే, ఆ ఆట పాత కథ తెలిసినవాళ్లతోనే మాట్లాడుతుంది. చివరికొచ్చేసరికి "ఇక్కడ ఇలా కదా జరగాలి" అని ముందే తెలిసినవాడి గుండె ఝల్లుమంటుంది, తెలియనివాడు "ఎవరీ కొత్త మనిషి?" అని తల గోక్కుంటాడు. ఇంతకన్నా చెబితే కథ చెప్పేసినట్టే. రీబర్త్ పీసీ వెర్షన్‌కి 155 జీబీ ఖాళీ అడుగుతారు. మామూలు ల్యాప్‌టాప్‌లో సగం డిస్క్ దానికే పోతుంది. అంతా అయ్యాక కూడా కథ ముగియదు. మొదటిసారి ఆడేవాణ్ణి నడిదారిలో దింపేసే సలహా నేనివ్వలేను.

పాత 7 సంగతి వేరు. మొదటి పది నిమిషాలు ఇప్పటికీ దిట్టంగా ఉంటాయి: రైలు ఆగీ ఆగకముందే దూకడం, రియాక్టర్‌లోకి చొరబడటం, బాంబు పెట్టి పది నిమిషాల్లో బయటపడటం. మెటీరియా పద్ధతిని మించింది ఈ సిరీస్‌లో తక్కువే. కత్తికి గుంతలుంటాయి, వాటిలో మెటీరియా అనే రంగు గోళీలు పొదగాలి. రెండు గుంతల మధ్య గీత ఉంటే ఒకదాంట్లో మంట, పక్కదాంట్లో "ఆల్" పెడితే మంట శత్రువులందరికీ అంటుకుంటుంది. ఇది అర్థమైన రోజు రాత్రి నిద్ర పట్టదు. కానీ ఆ బొద్దు చేతుల బొమ్మల్ని, గీసి పెట్టిన బ్యాక్‌గ్రౌండ్ బొమ్మల్ని చూసి ఇప్పటివాళ్లు బెదురుతారు. ఏది తలుపో, ఏది గోడో తెలియదు. సెలెక్ట్ బటన్ నొక్కితే దారుల మీద ఎర్ర బాణాలు కనిపిస్తాయన్నది ఎవరైనా చెబితే తప్ప తెలియదు. ఇంగ్లీషు అనువాదం అక్కడక్కడా మరీ మోటుగా ఉంటుంది. ఇప్పుడమ్మే వెర్షన్లలో మూడింతల స్పీడు, దారిలో పోరాటాలు రాకుండా ఆపే సౌకర్యం ఉన్నాయి కాబట్టి ఆడటం కష్టమేం కాదు. ఇష్టం కలిగిన తర్వాత ఆడితే ఇంకా బాగుంటుంది, అంతే.

ఇక 10. 2001లో పీఎస్2 మీద వచ్చింది, ఈ సిరీస్‌లో పాత్రలు నోరు తెరిచి మాట్లాడింది ఇందులోనే మొదలు. ఇది మనకు చిన్న విషయం కాదు. తెలుగూ లేదు, హిందీ కూడా లేదు. అన్నీ ఇంగ్లీషులో చదువుకోవాలి. పాత ఆటల్లో వేలకు వేల డబ్బాల టెక్స్ట్ ఉంటుంది. ఇందులో గొంతు వినిపిస్తుంది, కింద అక్షరాలూ ఉంటాయి, ఒక మాట తప్పిపోయినా భావం అందుతుంది.

హీరో టీడస్‌ది వేరే చోటు. స్పైరా అనే లోకంలోకి వచ్చిపడతాడు. అక్కడి దేవుడెవరో, సిన్ అనే ఆ కొండంత ప్రాణి ఎందుకు ఊళ్లను తుడిచిపెడుతుందో, పలకరింపుగా చేతులు అలా ఎందుకు తిప్పుతారో వాడికీ తెలియదు, మనకీ తెలియదు. వాడు అడుగుతాడు, ఎవరో చెబుతారు, మనం వింటాం. కొత్తవాడికి ఇంతకన్నా మంచి తలుపు ఏముంటుంది? యూనా అనే అమ్మాయి తన రక్షకులతో గుడి గుడికీ మొక్కుకుంటూ నడిచే యాత్ర ఈ కథ. మాల వేసుకుని కాలినడకన బయలుదేరిన స్వాములకు దారి పొడుగునా ఊళ్లవాళ్లు మంచినీళ్లిచ్చి దండం పెట్టినట్టే, యూనా కనపడితే పిల్లలూ ముసలివాళ్లూ ఎదురొస్తారు. ఆ దండాల వెనక వాళ్లందరికీ తెలిసి, టీడస్‌కి మాత్రం ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. అది బయటపడ్డాక, అంతకుముందు ఆమె నవ్విన చోట్లన్నీ గుర్తుకొస్తాయి.

పోరాటం సంగతి చెప్పాలి, ఎందుకంటే 10 నాకు గెలిచేది అక్కడే. ఎవరి తర్వాత ఎవరి వంతో స్క్రీన్ కుడివైపు పైన వరసగా కనిపిస్తుంది. మీరు ఏదో ఒకటి నొక్కేదాకా ఎవరూ కదలరు. కుక్కర్ మూడో కూత వేస్తే లేచి వెళ్లి స్టవ్ కట్టేసి రావచ్చు, భూతం అక్కడే నిలబడి ఉంటుంది. జట్టులో ఒక్కొక్కరిది ఒక్కో పని: ఎగిరే పిట్టలకు వాకా బంతి, పరుగెత్తే తోడేళ్లకు టీడస్ కత్తి, గుల్ల కట్టిన గట్టి ప్రాణులకు ఆరన్, జెల్లీలాంటి ఫ్లాన్‌లకు లూలూ మంత్రం. ముగ్గురే బరిలో ఉంటారు గానీ వంతు వచ్చినవాణ్ణి అప్పటికప్పుడు మార్చుకోవచ్చు. ఒక్కసారైనా చెయ్యి కలిపినవాడికే ఆ పోరాటంలో పాయింట్లు దక్కుతాయి. అందుకని గెలుపు ఖాయమైన పోరాటంలో కూడా చివరి శత్రువును చంపకుండా ఆపి, ఏడుగురినీ ఒక్కొక్కరిగా లోపలికి పిలుస్తుంటాం. ఎవరు దేనికి పనికొస్తారో ఆట పాఠం చెప్పకుండానే నేర్పేస్తుంది. ఇది వచ్చినవాడికి ఈ సిరీస్‌లోనే కాదు, ఇలాంటి ఏ ఆటలోనైనా సగం పని అయిపోయినట్టే.

మకలేనియా గుడి దగ్గర శివ అనే శక్తి దొరుకుతుంది. ఈ సిరీస్‌లో శివ అంటే మంచు కురిపించే స్త్రీ, 1990లో వచ్చిన 3 నుంచీ అంతే. మా తమ్ముడు ఆట పాజ్ చేసి మరీ నాకు ఫోన్ కొట్టింది అక్కడే.

10లో చికాకులు లేవా అంటే బోలెడున్నాయి. దాదాపు చివరిదాకా దారి ఒకటే గీత, పక్కకి తిరగనివ్వదు. కథ నడిచే సీన్లను దాటేయడం కుదరదు. గగజెట్ కొండ మీద సీమోర్ అనే శత్రువుతో ఓడిపోతే అంత పొడుగు సంభాషణా మళ్లీ వినాల్సిందే. గుళ్లలో గోళాలు మార్చి మార్చి పెట్టే పజిళ్లు ఓపిక తినేస్తాయి. పిడుగుల మైదానంలో వరసగా 200 పిడుగులు తప్పించుకుంటే ఒక బహుమతి ఇస్తారు, దాని జోలికి పోకండి, ఆట ముగించడానికి అది అక్కర్లేదు. నీళ్లలో ఆడే బంతాట బ్లిట్జ్‌బాల్ నచ్చితే ఆడండి, లేకపోతే లూకా అనే ఊళ్లో తప్పనిసరిగా ఆడాల్సిన ఒక్క మ్యాచ్ ఓడిపోయినా కథ ఆగదు. టీడస్, యూనా పగలబడి నవ్వే సీన్ గురించి మీమ్స్ చూసే ఉంటారు. అది కావాలని తెచ్చిపెట్టుకున్న నవ్వని ఆ సీన్ మొత్తం చూసినవాళ్లకు తెలుస్తుంది.

మొదలుపెట్టగానే స్ఫియర్ గ్రిడ్, అంటే పాత్రల బలం పెంచుకునే పటం, ఏది కావాలని అడుగుతుంది. స్టాండర్డ్ తీసుకోండి. ఎక్స్‌పర్ట్ అన్న పేరు చూసి గొప్పకు పోతే ఎవరిని ఎటు నడిపించాలో తెలియక అందరూ అరకొరగా తయారవుతారు.

రోజంతా ఫోన్‌లోనే ఉండేవాళ్లకి నా మాట వేరు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్‌బీ నగర్‌లో దిగేవాళ్లు 6 పిక్సెల్ రీమాస్టర్ వేసుకోవచ్చు. అసలు ఆట 1994 నాటిది, ఈ వెర్షన్ 2022లో వచ్చింది. ఎక్కడ పడితే అక్కడ సేవ్ అవుతుంది, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో ఆడొచ్చు. పద్నాలుగు మంది పాత్రలు, ఒక్కొక్కరికీ ఒక్కో గాయం. మధ్యలో ఒపెరా సీన్ వస్తుంది, పాట చరణాలు గుర్తుపెట్టుకుని సరిగ్గా ఎంచుకోవాలి. అప్పుడు మాత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఉన్నమాట చెప్పాలంటే కథ వరకూ 7 కన్నా నాకు 6 ఎక్కువ. కానీ ఇందులో టైమ్ ఆగదు, మీరు ఆలోచిస్తుంటే శత్రువు కొట్టేస్తాడు. సెట్టింగ్స్‌లో వెయిట్ పెట్టుకుంటే కాస్త ఊపిరాడుతుంది. చదవాల్సిందీ చాలానే.

16 వరసలో కొత్తది, 2023లో వచ్చింది, చూడ్డానికి కళ్లు చెదురుతాయి. పోరాటాలు తీర్చిదిద్దిన ర్యోటా సుజుకి డెవిల్ మే క్రై 5 అనే యాక్షన్ ఆటకి పనిచేసిన మనిషి, అది ప్రతి దెబ్బలో తెలుస్తుంది. మీరు నడిపేది హీరో క్లైవ్ ఒక్కణ్ణే. జట్టును కూర్చుకోవడం, ఎవరికి ఏ బలహీనత అని వెతకడం ఇందులో లేవు. నిప్పు ప్రాణి మీద నిప్పు విసిరినా దెబ్బ తగులుతుంది. యాక్షన్ ఆటలు తప్ప వేరే ఆడనివాళ్లకి ఇది నచ్చుతుంది, కానీ దీంతో మొదలుపెట్టి 10కి వెళ్తే ఇదేం నత్తనడక అనిపిస్తుంది. అనుమానముంటే ఉచిత డెమో ఉంది, తొలి ఘట్టం మొత్తం ఆడుకోవచ్చు, తర్వాత కొంటే అక్కడి నుంచే సాగించవచ్చు.

మిగతావాటిలో 9 ముచ్చటైనది, రెండోదిగా ఆడండి. 15 కథ సగం ఆటలో ఉంటే సగం సినిమాలో, యానిమేలో ఉంది. 14 ఆన్‌లైన్ ఆట, లెవల్ 70 దాకా ఉచితంగా ఆడనిస్తారు, కానీ మన దేశంలో దానికి డేటా సెంటర్ లేదు, పైగా ఉద్యోగస్తుడి రాత్రుళ్లన్నీ అదే తినేస్తుంది.

10 కొనేటప్పుడు అది దాని కథకు కొనసాగింపైన 10-2తో కలిపి ఒకే ప్యాకేజీగా వస్తుంది. పీసీ వెర్షన్ ఏమంత పెద్ద గ్రాఫిక్స్ కార్డు అడగదు, స్పీడు పెంచుకోవచ్చు, ఆటోసేవ్ కూడా ఉంది కాబట్టి ఎండాకాలం కరెంటు పోయినా భయం లేదు. పీఎస్4లో అలా కాదు, సేవ్ గోళం కనిపించినప్పుడల్లా ముట్టుకుని తీరాలి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ వైపు సెకండ్ హ్యాండ్ వెతికేవాళ్లు ఒకటి చూసుకోండి: పీఎస్4 డిస్క్‌లో రెండు ఆటలూ ఉంటాయి, నింటెండో స్విచ్ కార్డులో మాత్రం 10 ఒక్కటే ఉంటుంది, 10-2కి డౌన్‌లోడ్ కోడ్ ఇస్తారు. వాడిన కార్డయితే ఆ కోడ్‌ను మొదట కొన్నవాడు ఎప్పుడో వాడేసి ఉంటాడు. బేరం దగ్గర ఆ మాట ఎత్తితే ధర ఎంతో కొంత దిగుతుంది. 10-2 మీకు ఇప్పుడు అక్కర్లేదు, 10 ముగింపు చూశాక కొన్నాళ్లు దాని పేరు కూడా ఎత్తాలనిపించదు.