దిగిపోయే బ్రేక్ పెడల్‌కు సీల్ కిట్ మేలా, కొత్త మాస్టర్ సిలిండర్ మేలా?

పికప్ ట్రక్కులో బ్రేక్ పెడల్ తొక్కి పట్టుకున్నప్పుడు అది ఒకచోట నిలవకుండా మెల్లగా నేల దాకా దిగిపోతుంటే, చాలామందికి వెంటనే తోచే ప్రశ్న మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ ఒత్తిడిని బ్రేక్ ఫ్లూయిడ్ ద్వారా చక్రాలకు పంపే భాగానికి) సీల్ కిట్ (లోపలి రబ్బరు సీళ్ల సెట్) వేయించాలా, లేక సిలిండర్‌నే మార్చాలా అన్నది. లోపం నిజంగా మాస్టర్ సిలిండర్‌లోనే ఉందని తేలాక మాత్రమే ఈ ప్రశ్నకు అర్థం ఉంటుంది. అంతవరకు ఆ బండిని రోడ్డు మీదికి తీయకూడదు. ఈ రోజు మెల్లగా దిగే పెడల్ రేపు బరువుతో పల్లం దిగుతున్నప్పుడు ఒక్కసారిగా దిగిపోవచ్చు.

పెడల్‌కు వచ్చే జబ్బులన్నీ ఒకటి కావు. తొక్కగానే స్పాంజిలా మెత్తగా తగిలితే ఫ్లూయిడ్ పైపుల్లో గాలి చేరి ఉంటుంది. మొదటిసారి లోతుగా వెళ్లి, రెండు మూడు సార్లు తొక్కగానే పైకి వచ్చి గట్టిగా నిలబడితే, వెనక డ్రమ్ములకూ షూలకూ మధ్య సందు పెరిగిందేమో చూడాలి. నిండు బరువుతో కొండ దారి దిగాక మాత్రమే పెడల్ పడిపోయి, చల్లారాక మళ్లీ మామూలుగా ఉంటే, మొదట అనుమానించవలసింది నీరు చేరిన ఫ్లూయిడ్‌ను. కొత్త డాట్ 3 రకం ఫ్లూయిడ్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ కనీస హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఈ హద్దులు 230, 155 డిగ్రీలు. ఇలాంటి బండికి సిలిండర్ మార్చినంత మాత్రాన ప్రయోజనం ఉండదు, ఫ్లూయిడ్ మార్చాలి.

ఇక ఆగి ఉన్న బండిలో, ఒకే ఒత్తిడితో తొక్కి ఉంచిన పెడల్ దిగిపోతుంటే, ఫ్లూయిడ్ ఎక్కడో జారిపోతోందన్నమాట. ఇంజిన్ ఆపి, బూస్టర్‌లో (తొక్కుడుకు వాక్యూమ్‌తో బలం చేర్చే భాగంలో) మిగిలిన వాక్యూమ్ పోయేదాకా పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, ఆ తరవాత ఒక నిమిషం పాటు ఒత్తిడి మార్చకుండా పట్టుకుని చూడాలి. ఈ పరీక్ష ఒకసారి గట్టిగా, ఒకసారి తేలికగా చేయాలి, ఎందుకంటే గట్టిగా తొక్కినప్పుడు ఒత్తిడికి సీలు అంచు విచ్చుకుని గోడకు అతుక్కుంటుంది కాబట్టి, అరిగిన సీలు కూడా ఆ క్షణంలో బాగున్నట్టే కనిపించి, తేలికగా తొక్కినప్పుడు మాత్రమే ఫ్లూయిడ్‌ను వదలవచ్చు. కాలు తీయకుండానే ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు పెడల్ కొద్దిగా దిగి ఆగడం బూస్టర్ పనిచేస్తోందనడానికి గుర్తు. దాన్ని లోపంగా ఎంచకూడదు.

రిజర్వాయర్‌లో (ఫ్లూయిడ్ నిలవ ఉండే డబ్బాలో) మట్టం తగ్గుతుంటే బయటి లీకు వెతకాలి. వెనక డ్రమ్ములు ఊడదీసి వీల్ సిలిండర్ల (చక్రం దగ్గర షూలను నెట్టే చిన్న సిలిండర్ల) రబ్బరు బూట్ల అంచు ఎత్తి చూడాలి, ఛాసిస్ పొడవునా వెళ్లే ఉక్కు పైపులను తుప్పు కోసం తడిమి చూడాలి. చాలామంది వదిలేసే చోటు మరొకటి ఉంది: మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోతే ఫ్లూయిడ్ బూస్టర్ లోపలికి కారి, నేల మీద చుక్క కూడా కనిపించదు. సిలిండర్‌ను పట్టి ఉంచే నట్లు వదులు చేసి కొంచెం ముందుకు లాగితే అక్కడి తడి బయటపడుతుంది. మట్టం తగ్గకుండానే పెడల్ దిగుతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లను దాటి ఫ్లూయిడ్ వెనక్కి పోతోందనే అనుమానం బలపడుతుంది, ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ఉన్న బండిలో దాని వాల్వులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ అనుమానం తీర్చుకోవడానికి కొందరు చక్రాల దగ్గరి హోసులను క్లాంపులతో ఒక్కొక్కటిగా నొక్కి చూస్తారు. సులువే, కానీ పాత హోసు లోపలి పొర చిట్లిపోతే ఉన్న లోపానికి కొత్తది తోడవుతుంది. దానికంటే మాస్టర్ సిలిండర్ అవుట్‌లెట్లకు సరైన మరల ప్లగ్గులు బిగించి తొక్కడమే మేలు. పెడల్ రాయిలా నిలిస్తే సిలిండర్ బాగుంది, లోపం ఆ తరవాతి భాగాల్లో ఉంది. అప్పుడూ దిగితే సిలిండరే దోషి.

ఇప్పుడు కిట్టా, కొత్త సిలిండరా అన్న ప్రశ్నకు వద్దాం. సీల్ కిట్‌కు ఖర్చు తక్కువ, పాత బండ్లకు సిలిండర్ దొరకనప్పుడు అదే దిక్కు. కానీ కిట్ మార్చేది రబ్బరును మాత్రమే. ఆ రబ్బరు జారే బోరు (సిలిండర్ లోపలి రంధ్రం) గోడ పాతదే. రోజువారీ తొక్కులో పిస్టన్ బోరు మొత్తం పొడవునా కదలదు కనుక, అది చేరని భాగంలో తేమ వల్ల తుప్పు గుంటలు పడతాయి, కొత్త సీలు ఆ గుంటల మీద నడిస్తే త్వరలోనే గీసుకుపోతుంది. పాత ఫ్లూయిడ్ మార్చేటప్పుడు పెడల్‌ను నేల దాకా తొక్కిన మర్నాడే పెడల్ దిగడం మొదలవడానికి కారణం తరచూ ఇదే. పోత ఇనుము బోరులో గీతలు పైపైన ఉంటే సన్నగా హోనింగ్ చేసి (రాపిడి రాయితో రుద్ది) సరిదిద్దవచ్చు, అల్యూమినియం బోరును మాత్రం అలా రుద్దకూడదు, రుద్దితే గట్టిపరచిన పైపొర లేచిపోతుంది. అందువల్ల బోరు ఇనుపదై, గోరుతో గీస్తే ఎక్కడా తగలనంత నునుపుగా ఉండి, విప్పి బిగించే చేయి అనుభవమున్నదైతేనే కిట్. తక్కిన అన్ని సందర్భాల్లోనూ నా సలహా కొత్త సిలిండరే. బరువు మోసే బండికి ఈ విషయంలో పొదుపు చూడటం నాకు సమ్మతం కాదు. పాత బండ్ల నుంచి విప్పి తెచ్చిన సిలిండర్‌ను అసలు పరిగణించనక్కరలేదు; దాని సీళ్ల వయసు ఎవరికీ తెలియదు.

ఏది వేసినా బిగింపులో శ్రద్ధ తప్పదు. సిలిండర్‌ను బండికి ఎక్కించక ముందే వైస్‌లో పట్టి, బుడగలు రావడం ఆగేదాకా గాలి తీయాలి. సిలిండర్ పిస్టన్‌ను నెట్టే బూస్టర్ పుష్‌రాడ్ పొడవు పాతదానితో సరిపోలాలి, అది ఎక్కువైతే కాలు తీసినా బ్రేకులు పట్టే ఉంటాయి. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్ దగ్గర బరువును బట్టి ఒత్తిడిని తగ్గించే వాల్వు ఒకటి ఉంటుంది. ఛాసిస్‌ను జాకీ మీద లేపి యాక్సిల్‌ను వేలాడదీస్తే, బండి ఖాళీగా ఉందని భావించి ఆ వాల్వు వెనక చక్రాలకు వెళ్లే ఒత్తిడిని తగ్గిస్తుంది, గాలి సరిగా రాదు. కాబట్టి బండి బరువు యాక్సిల్ మీదే ఉండేలా స్టాండ్లు పెట్టి, తయారీదారు చెప్పిన వరుసలో గాలి తీసి, చివరికి ఒక నిమిషం పరీక్షను గట్టి తొక్కుతోనూ తేలిక తొక్కుతోనూ మళ్లీ చేసి, పెడల్ కదలలేదని చూసుకున్నాకే బండిని కదిలించాలి.