గ్రాండ్ ట్రావర్స్ బేలో చేపల వేట: ఏ పడవ ఎక్కాలి, ఎక్కడ దిగాలి

డెట్రాయిట్ చుట్టుపక్కల మనవాళ్లు వేసవిలో ట్రావర్స్ సిటీ వెళ్తే చెర్రీ తోటలు, స్లీపింగ్ బేర్ ఇసుక దిబ్బలు చూసి వచ్చేస్తారు. నోవై నుంచి దాదాపు నాలుగు గంటలు కారు నడిపి వెళ్లి ఊరిని ఆనుకుని ఉన్న గ్రాండ్ ట్రావర్స్ బేలో, అంటే మిషిగన్ సరస్సు పాయలో, గాలం వేయకుండా తిరిగి రావడం అన్యాయం. చేపంటే ప్రాణం పెట్టేవాళ్లు ఒక పూట పడవకి కేటాయించండి.

పడవ ఎంచుకునే ముందు ఒక్క విషయం అడగాలి: ట్రోలింగా, జిగ్గింగా? ట్రోలింగ్‌లో ఎరలను బరువులు కట్టి లోతుకి దించి, పడవను మెల్లగా నడుపుతూ పోతారు. చేప పడ్డాక గాలం కర్ర మన చేతికిస్తారు, రీలు చుట్టడమే మన పని. చిన్నపిల్లలతో వెళ్తే అదే హాయి. జిగ్గింగ్‌లో కర్ర మొదటి నుంచీ మన చేతిలోనే ఉంటుంది. పడవ ఆపి, బరువైన లోహపు ఎరను నిటారుగా అడుగుదాకా వదిలి, కాస్త పైకి లేపి దించుతూ ఉండాలి. రెండూ చూశాక నా ఓటు జిగ్గింగ్‌కే. పైగా ఇక్కడ దొరికే వైట్‌ఫిష్ అనే చేప నోరు చిన్నది, అడుగునే మేస్తుంది. అది కావాలంటే ఈ పద్ధతే మేలు.

మా పడవ బేలోని తూర్పు పాయ అయిన ఈస్ట్ బే వైపు వెళ్లింది. ఆ పాయ కొన్నిచోట్ల 600 అడుగుల పైనే లోతు. ఎండాకాలంలో లేక్ ట్రౌట్ అనే ఇంకో చేప చల్లదనం వెతుక్కుంటూ కిందికి దిగిపోతుంది. మాకు 80 నుంచి 150 అడుగుల మధ్య దొరికాయి. నీటి అడుగున ఉన్నవాటిని శబ్దతరంగాలతో చూపించే సోనార్ తెర మీద మన ఎర ఒక గీతలా కనిపిస్తుంది, దాని వెనకే ఇంకో గీత లేస్తుంది. ఎరను ఆపకుండా పైకి లాగుతుంటే ఆ రెండో గీత తరుముకొస్తుంది. ఆ కొన్ని క్షణాల టెన్షన్ కోసమే మళ్లీ వెళ్లొచ్చు. ట్రౌట్ పడితే తల అడ్డంగా విదిలించే కుదుపు మోచేతిదాకా తెలుస్తుంది. చేప ఇంకా కనపడకముందే నీటి మీదికి బుడగలు వస్తాయి. పైకి వచ్చేకొద్దీ పొట్టలోని గాలితిత్తి ఉబ్బుతుంది కాబట్టి, ఆ గాలిని నోటి గుండా వదిలేస్తుంది. వైట్‌ఫిష్ మూతి మెత్తన. గట్టిగా గుంజితే ఊడిపోతుంది, వలబుట్ట సిద్ధంగా ఉండాలి.

మాకు పడిన ఒక ట్రౌట్ పక్కన గుండ్రటి మచ్చ ఉంది. అది సీ లాంప్రే పట్టుకుని రక్తం పీల్చిన గుర్తు. అతివేటకు ఈ పురుగులాంటి జలగచేప తోడై 1950ల నాటికి మిషిగన్ సరస్సులో లేక్ ట్రౌట్‌ను దాదాపు తుడిచిపెట్టేసింది. లాంప్రే పిల్లల్ని చంపే మందు కనిపెట్టి వాగుల్లో కలుపుతూ, మరోపక్క పెంపక కేంద్రాల నుంచి ట్రౌట్ పిల్లల్ని వదులుతూ వస్తేనే ఈ మాత్రం మిగిలింది. వైట్‌ఫిష్‌కి ఇప్పుడు క్వాగా ఆల్చిప్పల దెబ్బ. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయని మనం మురిసిపోతాం గానీ, పిల్లచేపలు తినాల్సిన సూక్ష్మజీవుల్ని ఆ ఆల్చిప్పలు వడకట్టి మింగేయడం వల్లే ఆ తేట. అందుకే కావలసినన్ని ఉంచుకుని మిగతావి వదిలేద్దామన్న కెప్టెన్ మాట నాకు నచ్చింది.

ఖర్చు: నలుగురికి సగం రోజుకి అటూ ఇటూగా ఐదారు వందల డాలర్లు, టిప్పు వేరు. 17 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ లైసెన్సు కావాలి. ఒక్కరోజుదీ దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. గాలి పెరిగితే ట్రిప్ రద్దవుతుంది. అడ్వాన్సు వెనక్కిస్తారో, వేరే తేదీ ఇస్తారో బుక్ చేసేటప్పుడే తేల్చుకోవాలి.

బస విషయంలో, జూలైలో చెర్రీ పండుగ రోజుల్లో ట్రావర్స్ సిటీ జోలికి పోవద్దు. రేట్లు మండిపోతాయి. ఊళ్లో మేం దిగిన హోటల్లో ఫ్రీజర్ ఉందని ఫోన్లో చెప్పి, తీరా వెళ్తే ఐస్ బకెట్ చేతికిచ్చారు. ఎల్క్ రాపిడ్స్ చాలా నయం. ఒకవైపు బే, ఇంకోవైపు ఎల్క్ లేక్, మధ్యలో ప్రశాంతమైన చిన్న ఊరు. అక్కడి మోటెల్‌లో గది సాదాసీదాదే, కానీ బయట గ్రిల్లు ఉంది, చేపలు వండుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

కెప్టెన్ చేపలు కోసి శుభ్రం చేసి ఇచ్చాడు. వైట్‌ఫిష్ తెల్లగా, రేకులు రేకులుగా విడిపోతుంది. ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం పట్టించి వేపుడు చేస్తే దానికి సాటి లేదు, పులుసులో మాత్రం చితికిపోతుంది. పులుసుకి ట్రౌట్ బాగుంటుంది, కొవ్వున్న చేప కదా. అయితే పీసీబీలనే రసాయనాలు చేరేదీ ఆ కొవ్వులోనే. పెద్దవాటిలో ఎక్కువ ఉంటాయి. చిన్నవాటినే ఉంచుకుని, తోలు, పొట్ట దగ్గరి కొవ్వు తీసేసి వండండి. గర్భిణులకి, పిల్లలకి పెట్టేముందు మిషిగన్ ఆరోగ్య శాఖ సూచనలు చూడండి.

వేటలో ఏమీ పడకపోతే లీలాండ్‌లోని ఫిష్‌టౌన్‌కి వెళ్లండి. నది ఒడ్డున పాత చెక్క గుడిసెల్లో పొగబెట్టిన వైట్‌ఫిష్ అమ్ముతారు. వేడి అన్నంలో పచ్చిమిరపకాయ నంజుకుని తింటే బ్రహ్మాండం. మధ్యాహ్నానికి జనం పెరుగుతారు, పొద్దున్నే వెళ్తే మంచిది.