కూల్ రూఫ్ పెయింటా, పఫ్ స్ప్రేనా?

మిద్దెల వేడి తగ్గించే పనితో వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకు ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటే (కూల్ రూఫ్ పెయింట్) నయం. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కాబట్టి ఇంటివాళ్లకు చెప్పడమూ తేలికే. వైర్ బ్రష్, ప్రెషర్ వాషర్, రోలర్లు చాలు. పాకుడు గీకి, పగుళ్లు పూడ్చి, ప్రైమర్ మీద రెండు పూతలు వేయాలి. తడి ఆరకముందే వేశారా, పొక్కులు లేస్తాయి. గోటితో గీరితే పొర ఊడొస్తుంది. దుమ్ము పేరుకున్నా పనితనం పడిపోతుంది. అందుకే ఏటా వేసవికి ముందు కడిగే ఒప్పందం కూడా రాయించుకోండి.

పఫ్ స్ప్రేకి, అంటే మిద్దె మీద పాలీయురేథేన్ నురగ చల్లే పనికి, లక్షల రూపాయల యంత్రం, చెయ్యి తిరిగిన మనిషి, సరైన మాస్కు కావాలి. 40–50 మిల్లీమీటర్ల నురగ వేడిని గట్టిగా ఆపుతుంది. ఏసీ గదులకు ఇదే మేలు. స్లాబులో చెమ్మ ఉంటే రసాయనం నీటితో కలిసి, పట్టు లేక లేచిపోతుంది. ఎండ తగిలితే పసుపెక్కి పొడి రాలుతుంది, పైన కోటింగ్ తప్పదు.